ఆ కాగితం మీద నేనెందుకు సంతకం పెట్టలేదంటే...

పోయిన నెల ఒక శనివారం సాయంత్రం మా దగ్గర పాట్‌లక్ జరిగింది. మా దగ్గర అంటే డాలస్‌కు ఉత్తరాన, మనవాళ్లు వీధులకు వీధులు కొనేసిన సబ్‌డివిజన్లలో ఒకటి. బిర్యానీ ట్రేలు ఖాళీ అయ్యాక ఒక కాగితం చేతులు మారుతూ నా దాకా వచ్చింది. కౌంటీ అప్రైజల్ డిస్ట్రిక్ట్ వారికి విన్నపం. సారాంశం ఇది: మీ వెబ్‌సైట్‌లో ఎవరైనా మా పేరు కొట్టగానే మా చిరునామా, ఇంటి విస్తీర్ణం, విలువ, పన్ను అన్నీ బయటపడుతున్నాయి, ఇది మా భద్రతకు ముప్పు, కాబట్టి మొత్తం తీసేయండి. అప్పటికే నలభై పైచిలుకు సంతకాలున్నాయి. నేను పెట్టలేదు.

"ఏం తమ్ముడూ, మీ ఇంట్లో బంగారం లేదా?" అని కాగితం తెచ్చిన పెద్దన్న అడిగాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆయనంటే మాకందరికీ గౌరవం. నేను ఈ దేశం వచ్చిన కొత్తలో ఎయిర్‌పోర్ట్ నుంచి తీసుకొచ్చి వారం రోజులు అన్నం పెట్టిన మనిషి. అందుకే అక్కడ వాదించలేకపోయాను. అక్కడ మొహమాటపడి మింగింది ఇక్కడ కక్కుతున్నాను.

ముందు ఒక నిజం ఒప్పుకుందాం. ఆ వెబ్‌సైట్‌ను మనకన్నా ఎక్కువగా వాడే జాతి ఇంకోటుందా? కొత్తగా ఎవరైనా గృహప్రవేశానికి పిలిస్తే, సత్యనారాయణ వ్రతం ప్రసాదం చేతిలో ఉండగానే రెండో చేత్తో ఫోన్‌లో ఇంటి నంబరు కొట్టి విలువ చూసేదెవరు? "వాళ్లది నాలుగు వేల అడుగులంటున్నాడు కానీ కౌంటీలో 3,612 అనే ఉంది" అని కారెక్కగానే భార్యకు చెప్పేదెవరు? పెళ్లి సంబంధం వస్తే అబ్బాయి జాతకంకన్నా ముందు కౌంటీ రికార్డు తీసేదెవరు? నేనూ చూశాను, దాపరికం లేదు. మన మేనేజర్ ఇల్లు, మన పూజారి గారి ఇల్లు, మనతో వచ్చి మనకన్నా ముందు గ్రీన్‌కార్డు తెచ్చుకున్నవాడి ఇల్లు, అన్నీ చూశాం. ఇన్నేళ్లు అందరివీ చూసి, ఇప్పుడు మనవి కనిపించకూడదంటున్నాం.

అయితే భయం ఒట్టిది కాదు. 2011 నుంచి 2014 దాకా టెక్సస్‌తో సహా పలు రాష్ట్రాల్లో ఆసియా, భారత సంతతి కుటుంబాల ఇళ్లనే ఏరి దోచుకున్న ముఠా ఒకటుండేది. ఆ కేసు డెట్రాయిట్ ఫెడరల్ కోర్టులో నడిచింది, శిక్షలు పడ్డాయి. పిల్లల ముందు తల్లిదండ్రులను కట్టేసిన దొంగతనాలవి. ఆ వార్తలు చదివి రాత్రి రెండుసార్లు తలుపు గడియ చూసుకున్నవాళ్లలో నేనూ ఉన్నాను. కానీ దొంగకు దారి చూపేది కౌంటీ రికార్డు ఒక్కటేనా? గుమ్మానికి మామిడి తోరణం, గరాజ్ ముందు విప్పిన చెప్పులు, ఫేస్‌బుక్‌లో వడ్డాణంతో ఫొటో, "మూడు వారాలు ఇండియా ట్రిప్" అని ఎయిర్‌పోర్ట్ నుంచి సెల్ఫీ... వీటిని తీసేయమని ఎవరికి విన్నపం పెడదాం? పైగా చట్టం ఈ విషయంలో గుడ్డిది కాదు. టెక్సస్‌లో జడ్జీలు, పోలీసులు, గృహహింస నుంచి తప్పించుకున్నవాళ్లు, ఇంకా కొన్ని వర్గాలవాళ్లు దరఖాస్తు పెట్టుకుంటే ఇంటి చిరునామాను రికార్డుల్లో గోప్యంగా ఉంచుతారు. నివాస గృహం ఫొటో, లోపలి ప్లాను, స్కెచ్ ఇంటర్నెట్‌లో పెట్టకూడదని కూడా చట్టంలో ఉంది. నిజంగా ప్రాణభయం ఉన్నవాళ్లకు దారి ఉంది. ఆ వర్గాలు ఇంకా పెంచమని అడుగుదాం, నేనే మొదటి సంతకం పెడతాను. మొత్తం తలుపు మూసెయ్యమనడం వేరు.

ఎందుకు వేరో చెప్పాలంటే అసలు ఈ రికార్డు ఎందుకుందో చెప్పాలి. ఇతర రాష్ట్రాల మిత్రుల కోసం రెండు ముక్కలు. టెక్సస్‌లో రాష్ట్ర ఆదాయపు పన్ను లేదు. బడి, రోడ్డు, ఫైరింజను, కౌంటీ ఆసుపత్రి చాలావరకు ఇంటి పన్ను మీదే నడుస్తాయి. అందులోనూ సింహభాగం బడికే పోతుంది. ఒకప్పుడు సిటీ ఒక విలువ, స్కూల్ డిస్ట్రిక్ట్ ఇంకో విలువ ఎవరికి వాళ్లు కట్టేవాళ్లు. 1979లో చట్టం మార్చి, కౌంటీ కౌంటీకీ ఒక అప్రైజల్ డిస్ట్రిక్ట్ పెట్టి, విలువ కట్టే పని దానికి అప్పగించారు. ఏటా జనవరి 1 నాటికి ఇంటి విలువ ఎంతో వాళ్లు లెక్కగడతారు, ఏప్రిల్ ప్రాంతంలో నోటీసు వస్తుంది. మనవాళ్లలో చాలామంది ఆ కవరును మార్ట్‌గేజ్ కాగితాల ఫైల్లో పడేసి ఎస్క్రో చూసుకుంటుందిలే అనుకుంటారు. డిసెంబరులో ఎస్క్రో షార్టేజ్ ఉత్తరం వచ్చినప్పుడు బ్యాంకును తిడతారు.

నేనూ ఆ బాపతే, 2022 దాకా. 2021లో ఇల్లు కొన్నాను. అడిగిన ధరపైన యాభై వేలు ఎక్కువ ఇస్తామన్నా ఇల్లు దొరకని రోజులవి. 2022 ఏప్రిల్‌లో నోటీసు వచ్చింది: 5,64,000 డాలర్లు. ఇల్లు 2,650 చదరపు అడుగులు, అంటే అడుగుకు 213 చొప్పున. సొంత నివాసానికి విలువ ఏడాదికి 10 శాతానికి మించి పెరగకూడదన్న పరిమితి ఉంది కదా అంటారేమో. కొన్న మరుసటి ఏడాదికి అది వర్తించదు. మార్కెట్లో అంత ధర లేదని వాదిద్దామా అంటే, నిజం చెప్పాలి, ఆ ఏడు అంత ధర ఉంది. అక్కడే ఆగిపోయేవాణ్ణి.

ఒక రాత్రి పిల్ల పడుకున్నాక, ఏమీ తోచక వీధిలో ఇళ్లన్నీ ఒక్కొక్కటే కౌంటీ సైట్‌లో తీశాను. ఒకే బిల్డరు, ఒకే ఏడాది కట్టినవి, ఇంచుమించు ఒకే విస్తీర్ణం. ఎనిమిది ఇళ్లు ఎక్సెల్‌లో పెట్టాను. అడుగుకు 188 నుంచి 207 దాకా ఉన్నాయి. నా ఇంటిదే 213. టెక్సస్ రాజ్యాంగం పన్ను అందరికీ సమానంగా, ఒకే తీరుగా ఉండాలంటుంది. పన్ను చట్టం దానికి ఒక పనిముట్టు కూడా ఇచ్చింది: మార్కెట్ ధరతో సంబంధం లేకుండా, నా ఇంటిని పోలిన ఇళ్ల విలువలను తగినట్టు సవరించి, వాటి మధ్య విలువకన్నా నాకు ఎక్కువ కట్టారని చూపిస్తే తగ్గించి తీరాలి. మళ్లీ చదవండి. నా విలువ తప్పని నిరూపించాలంటే పక్కింటాయన విలువ నాకు కనిపించాలి. అది కనిపించకపోతే సమానం అన్న మాటకు అర్థమే లేదు. ఎవరితో సమానం?

మే 15 లోపు ఆన్‌లైన్‌లో ప్రొటెస్ట్ వేశాను. వాళ్ల దగ్గరున్న ఆధారాలు విచారణకు 14 రోజుల ముందు అడిగి తీసుకునే హక్కుంది, తీసుకున్నాను. ముందు అధికారి ఫోన్‌లో 5,50,000 దగ్గర తేల్చుకుందామన్నాడు. వద్దన్నాను. (ఆఫీసులో రెండు శాతం హైక్ ఇస్తే థాంక్యూ చెప్పి బయటికొచ్చే నేను!) రివ్యూ బోర్డు ముందు ముగ్గురు పెద్దవాళ్లు కూర్చున్నారు. పదిహేను నిమిషాలు. నా ఉచ్చారణ వాళ్లకు, వాళ్ల ఉచ్చారణ నాకు అర్థమయ్యేలోపే అయిపోయింది. 5,28,000 అని తేల్చారు. ఆ ఏడాది మిగిలింది ఏడు వందల యాభై డాలర్ల దాకా. డబ్బు మాట పక్కన పెట్టండి. గ్రీన్‌కార్డు క్యూలో ఉన్న నాకు ఈ దేశంలో ఓటు లేదు. నా కట్టు పన్నుతో నడిచే బడి బోర్డును నేను ఎన్నుకోలేను. అలాంటి నాకు, పాస్‌పోర్టు ఏ రంగుదని అడక్కుండా, "మీ వాదన ఏమిటి సార్" అని ఒక ప్రభుత్వ సంస్థ నోరు తెరిచి అడిగిన చోటు అదొక్కటే. ప్రొటెస్ట్ చేస్తే హెచ్‌1కు ఇబ్బందేమో అని నన్ను అడిగినవాళ్లున్నారు. ఇమిగ్రేషన్‌కూ దీనికీ ఏ సంబంధమూ లేదు. బోర్డు కోపం వచ్చి ఇంకా పెంచుతుందేమో అన్నవాళ్లున్నారు. 2019 చట్టం తర్వాత, మీరు ఒప్పుకుంటే తప్ప, నోటీసులో ఉన్నదానికన్నా పెంచే వీలు బోర్డుకు లేదు.

ఇక్కడ పెద్దన్న అడగబోయే ప్రశ్న నాకు తెలుసు. విలువలు ఉంచండి, పేర్లు తీసేయండి, అప్పుడు నీకేం నష్టం తమ్ముడూ? న్యాయమైన ప్రశ్న. ఇల్లు పోల్చుకోవడానికి పేరు అక్కర్లేదు, ఒప్పుకుంటాను. కానీ పన్ను ఎవరు కట్టడం లేదో తెలియాలంటే పేరు కావాలి. ఉదాహరణకు దూరం పోనక్కర్లేదు. వ్యవసాయ భూమికి టెక్సస్‌లో మార్కెట్ విలువ మీద కాకుండా, దాని మీద వచ్చే పంట ఆదాయం లెక్కన విలువ కడతారు. తరాలుగా గడ్డి కోసుకునే రైతు కోసం పెట్టిన ఏర్పాటది. మనమేం చేస్తున్నాం? పదిమంది ఇంజనీర్లు కలిసి ఎల్.ఎల్.సి. పెట్టి, హైవే వచ్చే దారి పక్కన పదెకరాలు కొని, ఎవరి ఆవులనో నాలుగు తోలి, లేదంటే తేనెటీగల పెట్టెలు పెట్టించి (అయిదు నుంచి ఇరవై ఎకరాల దాకా తేనెటీగలూ వ్యవసాయమే), మార్కెట్ విలువ మీద వేలల్లో రావలసిన పన్ను వందల్లోకి దించుకుంటున్నాం. చట్టబద్ధమే. నన్నూ ఒక పెట్టుబడికి పిలిచారు, డబ్బుల్లేక పోలేదు తప్ప సిద్ధాంతంతో కాదు. కానీ మనం దించుకున్న ఆ బరువు ఎక్కడికి పోతుంది? అదే స్కూల్ డిస్ట్రిక్ట్‌లో రెండు గదుల ఇంట్లో ఉన్న స్కూల్ బస్ డ్రైవర్ మీదికి పోతుంది. ఆ భూమి ఎవరిదో, సిటీ కౌన్సిల్లో దాని జోనింగ్ మార్చాలని చెయ్యెత్తినవాళ్లకు అందులో వాటా ఉందో లేదో అడిగే హక్కు ఆవిడకుంది. పేర్లు తీసేస్తే ఆ హక్కు ముందు పోతుంది.

నిజానికి దాచాల్సినవాళ్లు ఇప్పటికే దాచుకున్నారు. టెక్సస్‌లో ఆస్తి ఎంతకు అమ్మారో ప్రభుత్వానికి చెప్పాలన్న చట్టం లేదు. ఫ్లోరిడాలోనో, న్యూజెర్సీలోనో ఉన్న మిత్రులకు ఇది వింతగా ఉంటుంది, అక్కడ అమ్మకపు ధర రికార్డులోనే ఉంటుంది. ఇక్కడ మామూలు ఇళ్ల ధరలు రియల్టర్ల లెక్కల్లోంచో, కొత్తగా కొన్నవాళ్లకు పంపే ప్రశ్నపత్రాల్లోంచో ఎలాగో డిస్ట్రిక్ట్‌కు తెలుస్తాయి. (ఆ ప్రశ్నపత్రం నింపడం తప్పనిసరి కాదు. మనవాళ్లు మాత్రం ఐఆర్ఎస్ ఉత్తరంలా వణికిపోయి క్లోజింగ్ కాగితాలతో సహా పంపుతారు!) అదే ముప్పై అంతస్తుల ఆఫీసు భవనం ఎంతకు చేతులు మారిందో అమ్మినవాడికి, కొన్నవాడికి, వాళ్ల లాయర్లకు తెలుస్తుంది. వాళ్లు ఏటా లాయర్లతో వచ్చి తగ్గించుకుంటారు. 2015లో ఆస్టిన్ నగరమే, వాణిజ్య ఆస్తులకు తక్కువ విలువ కడుతున్నారని తన కౌంటీ అప్రైజల్ డిస్ట్రిక్ట్ మీద కోర్టుకెక్కింది. కేసు కొట్టేశారు. కాబట్టి మిత్రులారా, పెద్ద ఆస్తులకు ఆ చీకటి ఎప్పటినుంచో ఉంది. కాస్త వెలుతురున్నది మన వీధుల్లోనే. దాన్ని కూడా ఆర్పమని మనమే సంతకాలు చేస్తున్నాం.

ఇప్పుడు నన్ను నిజంగా నిద్రపోనివ్వని సంగతి చెబుతాను. ఆ కాగితం చూడగానే నాకు గుర్తొచ్చింది మా మేనమామ.

మా మామది సూర్యాపేట వైపు పల్లె. ఇరవై ఏళ్ల పైనుంచి మూడెకరాలు దున్నుకుంటున్నాడు. కొన్నది తెల్లకాగితం మీద, అంటే సాదాబైనామా. పట్టా పాత దొర కుటుంబం పేరునే ఉండిపోయింది. అయినా ఏటా పహాణీలో అనుభవదారు గడిలో మామ పేరు వచ్చేది. ఆ గడే ఆయన ధైర్యం. 2020 అక్టోబరు 29న ధరణి వచ్చింది. అనుభవదారు గడి పోయింది. పట్టాదారు పేరొక్కటే మిగిలింది. దానికి తోడు ధరణిలో ఇంకో సదుపాయం కూడా ఇచ్చారు: పట్టాదారు కోరుకుంటే తన భూమి వివరాలు ఇతరులకు కనిపించకుండా దాచుకోవచ్చు. పేరు ప్రైవసీ. మన పెద్దన్న కాగితంలో ఉన్న మాటే.

మామ మీసేవలో కూర్చుని సర్వే నంబరు కొట్టించాడు. వివరాలు రాలేదు. నాకు ఫోన్ చేశాడు. "నువ్వు కంప్యూటర్ల పనే చేస్తవు గద బిడ్డా, అమెరికాల ఉండి సూడరాదు? నేను దున్నే భూమి ఇప్పుడు ఎవని పేర ఉన్నదో సూసి చెప్పు సాలు" అన్నాడు. నేనూ చూశాను, నాకూ రాలేదు. ఎదురింటి రిటైర్డ్ టీచర్ ఇంట్లో బాత్‌రూములెన్నో దాదాపు తొమ్మిదివేల మైళ్ల అవతల కూర్చున్న నాకు తెలుసు. తన కాలి కింద మట్టి ఎవరి పేరున ఉందో మా మామకు తెలియదు. తర్వాత ఊళ్లో విన్నదేమిటంటే, పట్టా ఆ కుటుంబంలో కొడుకు పేరుకు మారిందట. ఆయన మనలాంటివాడే. సాఫ్ట్‌వేర్. అమెరికా. ఆయన చెడ్డవాడని నేననడం లేదు, బహుశా తన భూమిని ఎవరైనా కాజేస్తారని భయపడి ఉంటాడు. ఎన్నారైల భూములు కబ్జా అవుతున్న వార్తలు మనందరం చదువుతున్నవే. ఆయన భయం నిజం. మామ భయమూ నిజం. దాచుకునే బటన్ మాత్రం ఒక్కరికే ఇచ్చారు.

పోనీ అడుగుదామంటే ఎక్కడ అడగాలి? 2020 చట్టంతో రెవెన్యూ కోర్టులు ఎత్తేశారు. ఏ తగాదా అయినా సివిల్ కోర్టుకే పొమ్మన్నారు. సాదాబైనామా క్రమబద్ధీకరణకు ఆ ఏడే మామ పెట్టిన దరఖాస్తు ఏళ్లకేళ్లు కదల్లేదు. టెక్సస్‌లో నాకు పదిహేను నిమిషాలు దొరికింది చూశారూ, మామకు ఆ పదిహేను నిమిషాలు దొరకలేదు. 2025 ఏప్రిల్ 14న ధరణి స్థానంలో భూభారతి వచ్చింది, అప్పీలుకు మళ్లీ అంచెలు పెట్టారు. మంచిదే. మామ మళ్లీ కాగితాలు పట్టుకుని తిరుగుతున్నాడు. ఈలోగా ఆయన మోకాళ్లు అరిగాయి, అది వేరే లెక్క.

ధరణి మీద మన వాట్సాప్ గ్రూపుల్లో ఎంత రాశాం! రైతు నోట మట్టి కొట్టారన్నాం, దొరల కోసం చేశారన్నాం. నేనూ రాశాను. అదే మనం ఇక్కడ, రికార్డు తెరిచి ఉండటం వల్ల ఏటా బాగుపడుతున్న చోట, అదే బటన్ మాకూ పెట్టండని దరఖాస్తు రాస్తున్నాం. అక్కడ పట్టాదారు దాచుకుంటే దొరతనం, ఇక్కడ మనం దాచుకుంటే భద్రతా?

ఇంకో మాట. 2024 మే 4న టెక్సస్ చరిత్రలో మొదటిసారి, 75,000 జనాభా దాటిన కౌంటీల్లో అప్రైజల్ డిస్ట్రిక్ట్ బోర్డుకు ముగ్గురేసి సభ్యులను ప్రజలే ఎన్నుకునే ఎన్నిక జరిగింది. ఎంతమంది పోయారు? పోలింగ్ కేంద్రాలు ఈగలు తోలుకున్నాయి. మన సంఘాల్లో పౌరసత్వం వచ్చినవాళ్లు వందల్లో ఉన్నారు. ఆ శనివారం క్రికెట్ లీగ్ ఫైనల్‌కు మాత్రం పార్కింగ్ దొరకలేదు. ఓటున్నవాళ్లు ఓటెయ్యరు, నోటీసు వచ్చినవాళ్లు ప్రొటెస్ట్ వెయ్యరు. 2019 చట్టం వల్ల ప్రతి ఆగస్టులో ఏ పన్ను సంస్థ మన మీద ఎంత రేటు వెయ్యబోతోందో, బహిరంగ విచారణ ఎప్పుడో చూసుకునే డేటాబేస్ వచ్చింది. దాన్ని తెరిచినవాణ్ణి నేనింతవరకు ఒక్కణ్ణీ కలవలేదు. కానీ వెబ్‌సైట్ మూసెయ్యమని మాత్రం ఒక్క సాయంత్రంలో నలభై సంతకాలు!

అందుకని నేను ఇంకో కాగితం రాశాను. ఒకటిన్నర పేజీ. అమ్మకపు ధర వెల్లడి అందరికీ, ముఖ్యంగా వాణిజ్య ఆస్తులకు, తప్పనిసరి చెయ్యాలని మన రాష్ట్ర ప్రతినిధులను అడుగుతూ. ప్రాణభయం ఉన్నవాళ్లకు గోప్యత దరఖాస్తు సులువు చెయ్యాలని కూడా అందులో ఉంది. తిట్టేవాళ్లు చదివి తిట్టండి. నోటీసులు రాగానే, మే మొదటి శనివారం మధ్యాహ్నం మా గరాజ్‌లో బల్లలు వేస్తాను. నోటీసు, ల్యాప్‌టాప్ తెచ్చుకోండి. తగ్గినదాంట్లో వాటా తీసుకునే కంపెనీలకు ఇవ్వక్కర్లేదు, ఎక్సెల్ వచ్చినవాడు ఎవడైనా చేసుకోగల పని. చాయ్, మిర్చి బజ్జీ నా ఖర్చు.

పెద్దన్నా, నువ్వు తప్పకుండా రా. కోపం రాకపోతే ఒక సంగతి. నిన్న రాత్రి నీ ఇంటి రికార్డు తీసి చూశాను. నీదీ, నీ వెనక వీధి మూలమీది ఇల్లూ ఒకే బిల్డరు, ఒకే ప్లాను. కానీ నీ ఇంటి లోపలి విస్తీర్ణం ఆయనదానికన్నా 310 చదరపు అడుగులు ఎక్కువ రాశారు. ఆయన రికార్డులో కవర్డ్ ప్యాషియో విడిగా ఉంది, నీదాంట్లో లేదు. దీపావళికి మేమంతా కూర్చుని పేకాడిన ఆ ప్యాషియోను ఏసీ ఉన్న గదికింద లెక్కేసినట్టున్నారు. అడుగుకు రెండు వందలు చొప్పున వేసుకో, 62,000 డాలర్ల విలువ. వచ్చేటప్పుడు బిల్డర్ ఇచ్చిన ప్లాను కాగితం వెతికి పట్టుకురా.